సూక్ష్మశైవలాల సాగు, సారాల వెలికితీత: కణం దేన్ని ఎందుకు తయారుచేస్తుంది, ఎక్కడ దాస్తుంది

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

నీటిలో పెరిగే, సూక్ష్మదర్శినిలో కనిపించే నాచు జాతి జీవులైన సూక్ష్మశైవలాలను పెంచే పరిస్థితులు, వాటి నుంచి పదార్థాలను వెలికితీసే పద్ధతులు చివరకు మనకు దక్కే సారాన్ని ఎలా మారుస్తాయన్నది ఈ రోజు నాకు అప్పగించిన అంశం. సాధారణంగా ఈ రెండింటినీ విడివిడిగా బోధిస్తారు. జీవశాస్త్రం చదివినవారు సాగు గురించి మాట్లాడతారు, రసాయన ఇంజనీర్లు ద్రావణుల (పదార్థాలను కరిగించి బయటకు తెచ్చేవాటి) గురించి మాట్లాడతారు, ఆ ఇద్దరి మధ్య ఎండిన పొడి ఒక సంచిలో చేతులు మారుతుంది. ఆ పొడి ఏ వెలుతురులో పెరిగింది, దానికి నత్రజని ఎప్పుడు అయిపోయింది, కోసిన తరువాత ఎన్ని గంటలు తడిగా ఉంది అన్న వివరాలు సంచితో పాటు ప్రయాణించవు. అక్కడే చాలా ఫలితాలకు కారణం తెలియకుండా పోతోందని నా నమ్మకం.

ఏ పదార్థాన్ని ఆశించినా ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పదార్థం కణానికి ఏ పని చేసిపెడుతోంది? కణంలో అది ఏ చోట ఉంటోంది? మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు సాగును నిర్దేశిస్తుంది, రెండోదాని జవాబు వెలికితీతను నిర్దేశిస్తుంది. ఒత్తిడికి లోనైన కణం తన లోపలి సరుకుతో పాటు తన గోడను కూడా మార్చుకుంటుంది కనుక ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటాయి. ఈ సంగతిని కొన్ని జాతుల ఉదాహరణలతో వివరించడమే నా ప్రయత్నం.

మొదట వెలుతురు గురించి చెప్పాలి, ఎందుకంటే తక్కిన పరిస్థితులన్నీ దానితో కలిసే పనిచేస్తాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నీటి ఉపరితలం మీద ప్రతి చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2000 మైక్రోమోల్‌ల ఫోటాన్లు పడతాయి. చాలా శైవల కణాల కిరణజన్య సంయోగక్రియ అందులో చిన్న భాగంతోనే సంతృప్తమైపోతుంది. మిగిలిన శక్తిని కణం వేడిగా వదిలించుకోవాలి, లేకుంటే అది ఆక్సిజన్‌ను చురుకైన, హానికరమైన రూపాల్లోకి మార్చి కణాన్నే దెబ్బతీస్తుంది. అదే సమయంలో కొన్ని సెంటీమీటర్ల లోతున ఉన్న కణాలు పైవాటి నీడలో దాదాపు చీకట్లో ఉంటాయి. అందువల్ల ఉపరితలం మీద దీపం ఎంత వెలుతురు ఇస్తోందో రాస్తే సరిపోదు. ఒక లీటరులో ఎన్ని కణాలున్నాయి, పాత్ర మందమెంత, కలియబెట్టడం ఎంత వేగంగా జరుగుతోంది అన్నవి తెలిస్తేనే ఒక్కో కణానికి సగటున ఎంత వెలుతురు అందుతోందో తెలుస్తుంది. ఒకే దీపం కింద పల్చటి సాగులోని కణాలు ఎండ దెబ్బకు గురవుతూ ఉంటే, చిక్కటి సాగులోని కణాలు వెలుతురు కోసం అలమటిస్తూ ఉండవచ్చు. ఆ రెండింటి వర్ణకాలు ఒకేలా ఉండవు.

ఇక్కడ వర్ణకాలను రెండు వర్గాలుగా చూడటం అవసరం. వెలుతురును పట్టి కిరణజన్య సంయోగక్రియకు అందించేవి ఒక వర్గం. పత్రహరితం, నీలిరంగు ఫైకోసయనిన్, డయాటమ్‌లు అనే శైవలాలలో ఉండే ఫ్యూకోజాంథిన్ ఈ వర్గానికి చెందుతాయి. వెలుతురు తక్కువైతే కణం వీటిని పెంచుకుంటుంది, ఎక్కువైతే తగ్గించుకుంటుంది. ఎక్కువైన వెలుతురు నుంచి కణాన్ని కాపాడేవి రెండో వర్గం. హెమటోకాకస్ అనే శైవలంలోని ఎర్రటి ఆస్టాజాంథిన్, డునాలియెల్లా సాలీనా అనే ఉప్పునీటి శైవలంలో పోగుపడే బీటా కెరోటిన్ ఇందులోకి వస్తాయి. వీటి విషయంలో అంతా తలకిందులు: ఎండ, ఉప్పు, పోషకాల కొరత వంటి కష్టాలు ఎదురైనప్పుడే ఇవి పెరుగుతాయి. ‘ఒత్తిడి పెడితే వర్ణకాలు పెరుగుతాయి’ అనే మాట ప్రయోగశాలల్లో తరచూ వినిపిస్తుంది. రెండో వర్గానికి అది నిజమే, మొదటి వర్గానికి వర్తింపజేస్తే మాత్రం నష్టమే జరుగుతుంది.

స్పిరులినా అనే పేరుతో అందరికీ తెలిసిన ఆర్థ్రోస్పైరా ప్లాటెన్సిస్‌నే తీసుకుందాం. ఇది నిజానికి సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా) వర్గానికి చెందినదైనా వాడుకలో సూక్ష్మశైవలాలతోనే కలిపి చెబుతారు. లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్, 2.5 గ్రాముల సోడియం నైట్రేట్ ఉండే జరూక్ మాధ్యమం (పెంపకానికి వాడే పోషక ద్రవం) దీనికి ప్రామాణికం. పీహెచ్ 9 దాటి 10 వరకు పోయినా ఇది హాయిగా పెరుగుతుంది. ఆ క్షారగుణమే చాలా ఇతర జీవులను దూరంగా ఉంచుతుంది కనుక తెరిచి ఉన్న చెరువుల్లో కూడా దీన్ని పెంచగలుగుతున్నారు. 35 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో పెరుగుదల బాగుంటుంది. ఎండిన బరువులో 55 నుంచి 70 శాతం వరకు ప్రొటీనే ఉంటుంది, అందులో పెద్ద వాటా నీలిరంగు ఫైకోసయనిన్‌ది.

ఫైకోసయనిన్ వెలుతురు పట్టే వర్ణకమే కాక కణానికి నత్రజని నిల్వగా కూడా పనిచేస్తుంది. మాధ్యమంలో నత్రజని అయిపోయిన వెంటనే కణం ఈ నీలి ప్రొటీన్‌ను ముక్కలు చేసి, దానిలోని అమైనో ఆమ్లాలను ప్రాణావసరమైన పనులకు వాడుకుంటుంది. సాగు రంగు నీలాకుపచ్చ నుంచి పసుపుపచ్చకు మారడం దీని బయటి గుర్తు. కాబట్టి ఫైకోసయనిన్ కావలసినవారు నత్రజనిని పుష్కలంగా ఉంచాలి, ఒక్కో కణానికి అందే వెలుతురును మితంగా ఉంచాలి, రంగు మారడం మొదలుకాకముందే కోయాలి. మరీ మసక వెలుతురులో ఉంచితే కణంలో వర్ణకం పెరిగినా మొత్తం పంట తగ్గిపోతుంది. గ్రాముకు ఎంత, లీటరుకు రోజుకు ఎంత అనే రెండు లెక్కలనూ కలిపి చూడాల్సింది ఇలాంటి సందర్భాల్లోనే.

ఇక రెండో ప్రశ్న, అది ఎక్కడ ఉంది? కిరణజన్య సంయోగక్రియ జరిగే థైలకాయిడ్ పొరల బయటి ముఖం మీద ఫైకోబిలిసోములు అనే గుత్తులుగా ఉంటుంది, నీటిలో కరుగుతుంది. ఈ జీవి కణకవచంలో సెల్యులోజ్ ఉండదు, బాక్టీరియాలలో లాగే పెప్టిడోగ్లైకాన్ ఉంటుంది. అందువల్ల దీన్ని పగలగొట్టడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. గడ్డకట్టించి కరిగించడాన్ని కొన్నిసార్లు పునరావృతం చేసి, పీహెచ్ 7 దగ్గర ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) నానబెడితే నీలం బయటకు వస్తుంది. అతిధ్వని తరంగాలతో పని త్వరగా ముగుస్తుంది, అయితే ఎక్కువసేపు పెడితే ద్రవం వేడెక్కుతుంది, పొరల సన్నటి తునకలు, వాటితో పాటు పత్రహరితం, ఇతర ప్రొటీన్లు కూడా సారంలోకి వచ్చేస్తాయి. దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుంది కానీ స్వచ్ఛత పడిపోతుంది. ఈ స్వచ్ఛతను, ఫైకోసయనిన్ వెలుతురును పీల్చే 620 నానోమీటర్ల దగ్గరి శోషణను ప్రొటీన్లన్నీ పీల్చే 280 నానోమీటర్ల దగ్గరి శోషణతో భాగించి కొలుస్తారు. ఆ నిష్పత్తి 0.7 దాటితే ఆహారానికి, 3.9 దగ్గరుంటే ప్రయోగశాల కారకంగా, 4.0 దాటితే విశ్లేషణ పనులకు తగినదిగా లెక్క. 45 డిగ్రీలు దాటాక ఈ ప్రొటీన్ నిలకడ వేగంగా తగ్గుతుంది, పీహెచ్ 5 కన్నా కిందికి వెళితే విరిగి అడుగున పేరుకుంటుంది. అంటే సాగులో ఎంత శ్రద్ధ తీసుకున్నా, వేడి గాలిలో తొందరపడి ఎండబెడితే కొంత నీలాన్ని అక్కడే పోగొట్టుకున్నట్టే. ఫైకోసయనిన్ కోసమే పెంచేటప్పుడు వీలైనంతవరకు తడి ముద్ద నుంచే తీయడం మంచిదని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు హెమటోకాకస్ ప్లూవియాలిస్ వద్దకు వద్దాం. నా దృష్టిలో ఈ రంగంలో దీనికి మించిన పాఠం లేదు. అనుకూల పరిస్థితుల్లో ఇది రెండు కశాభాలతో ఈదే ఆకుపచ్చ కణం. సుమారు 20 నుంచి 25 డిగ్రీల చల్లటి నీటిలో, మోస్తరు వెలుతురులో, నత్రజని సమృద్ధిగా ఉన్నప్పుడు విభజన చెందుతూ పోతుంది. నత్రజని లేదా భాస్వరం తగ్గి, వెలుతురు తీవ్రమై, లేదా ఉప్పు పెరిగితే ఈదడం మానేసి, గుండ్రంగా ఉబ్బి, మందమైన గోడ కట్టుకుని, ఆస్టాజాంథిన్‌తో ఎర్రబారిన సిస్టుగా మారుతుంది. అప్పుడు ఎండిన బరువులో ఆస్టాజాంథిన్ 3 శాతం వరకు, మంచి పరిస్థితుల్లో 4 శాతానికి చేరువగా ఉండవచ్చు. కొంత మేరకు ఇది ఎండకు పట్టిన గొడుగు లాంటిదే: కణద్రవంలో నూనె బొట్లలో చేరి, లోపలి హరితరేణువు మీద పడే తీవ్రమైన వెలుతురును వడకడుతుంది. అదొక్కటే దాని పని కాదు. విభజన ఆగిపోయినా వెలుతురు పడుతూనే ఉంటుంది కాబట్టి ఖర్చుకాక మిగిలిపోతున్న కార్బన్‌ను, శక్తిని కణం కొవ్వు ఆమ్లాలుగానూ కెరోటినాయిడ్లుగానూ (ఆస్టాజాంథిన్, బీటా కెరోటిన్ వంటి వర్ణకాలుగా) మార్చి పక్కన పెడుతుంది. ఆస్టాజాంథిన్ ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలతో కలిసి ఎస్టర్ల రూపంలో ఉంటుంది. అందువల్లనే కొవ్వు ఆమ్లాల తయారీని అడ్డుకుంటే ఆస్టాజాంథిన్ పోగుపడటం కూడా ఆగిపోతుంది.

ఆకుపచ్చ దశకు, ఎర్ర దశకు కావలసిన పరిస్థితులు పరస్పర విరుద్ధం కాబట్టి సాగును రెండు అంచెలుగా నడుపుతారు. మొదటి అంచెలో కణాల సంఖ్యను పెంచి, రెండో అంచెలో ఒత్తిడి పెడతారు. ఒత్తిడిని ఎప్పుడు, ఎంత మోతాదులో మొదలుపెట్టాలన్నదే అసలు నైపుణ్యం. పల్చటి సాగు మీద ఒక్కసారిగా ఎండ పడితే ఎర్రబారేలోగానే చాలా కణాలు చనిపోతాయి. మరీ చిక్కటి సాగు అయితే ఒకదాని నీడలో మరొకటి ఉండి ఎర్రబారడం ఆలస్యమవుతుంది. నత్రజనిని పూర్తిగా తీసివేసినప్పుడు కణాలు వేగంగా ఎర్రబారతాయి, కొద్దిగా మిగిల్చితే అవి మరికొంత బరువు పెరిగి ఆ తరువాత ఎర్రబారతాయి. లీటరుకు వచ్చే మొత్తం దిగుబడి దృష్ట్యా ఈ రెండో దారి చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది.

ఒత్తిడి వల్ల వచ్చే ఫలితం అక్కడితో ఆగదు. ఆస్టాజాంథిన్‌ను పెంచిన అదే ఒత్తిడి గోడను కూడా మందం చేసింది. సిస్టు గోడలో పుప్పొడి రేణువుల పై పొరను పోలిన, ఆమ్లాలకూ ఎంజైములకూ సులభంగా లొంగని పదార్థం ఉంటుంది. ఆకుపచ్చ కణాన్ని అసిటోన్‌లో వేస్తే వర్ణకాలు నిమిషాల్లో బయటకు వస్తాయి, పండిన సిస్టును అదే అసిటోన్‌లో గంటల తరబడి ఉంచినా ఎరుపు చాలావరకు లోపలే ఉండిపోతుంది. అందుకని పూసల మర (గట్టి పూసల మధ్య కణాలను నలిపేది) కానీ అధిక పీడన హోమోజినైజర్ (సన్నటి సందు గుండా కణాలను బలంగా తోసేది) కానీ వాడి ముందుగా సిస్టును పగలగొట్టాలి. పగలగొట్టిన క్షణం నుంచి ఆస్టాజాంథిన్ గాలికి, వెలుతురుకు, వేడికి బహిర్గతమవుతుంది కనుక వెంటనే వెలికితీయాలి, లేదా నైట్రోజన్ వాయువులోనో శూన్యంలోనో చల్లగా నిల్వ చేయాలి. పగలగొట్టిన పొడిని నెలల తరబడి బయట ఉంచి, ఆ తరువాత వెలికితీసి, సాగులోనే లోపముందని తేల్చడం సరికాదు.

సిస్టును యంత్రంతోనే పగలగొట్టాలన్న నియమం కూడా లేదు. ఎర్రటి సిస్టులను మళ్లీ నత్రజని ఉన్న తాజా మాధ్యమంలో వేస్తే అవి మొలకెత్తుతాయి. గోడ తెరుచుకుని, ఎరుపు ఇంకా నిండుగా ఉన్న లేత కణాలు బయటకు వస్తాయి. వాటికి మందమైన గోడ ఉండదు కాబట్టి సున్నితమైన ద్రావణులతోనే సారం తీయవచ్చు. సమయం మరీ మించితే అవి ఆ ఎరుపును వాడుకుని మళ్లీ పచ్చబడతాయి, కాబట్టి గమనిస్తూ ఉండాలి. వెలికితీతలోని కష్టానికి సాగులోనే పరిష్కారం దొరికిన ఈ పద్ధతి అంటే నాకు చాలా ఇష్టం.

ఆస్టాజాంథిన్‌ను తీయడానికి సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్ పద్ధతి విరివిగా వాడుకలో ఉంది. 31.1 డిగ్రీలు, 73.8 బార్‌ల పీడనం దాటాక కార్బన్ డయాక్సైడ్ వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకునే స్థితికి చేరుతుంది. ఆస్టాజాంథిన్ కోసం సాధారణంగా అంతకు కొన్ని రెట్లు పీడనం, అంటే 300 బార్‌లు, ఆ పైన వాడతారు. ధ్రువగుణం లేని (నీటిలా కాక నూనెలా ప్రవర్తించే) ద్రావణి కాబట్టి ఎస్టర్లు, నూనెలు దానిలోకి వస్తాయి, పత్రహరితం చాలావరకు వెనకే ఉండిపోతుంది. కొద్దిగా ఇథనాల్ కలిపితే వేగం, దిగుబడి పెరుగుతాయి, కానీ ఇథనాల్ పెరిగినకొద్దీ పత్రహరితం కూడా తోడవుతుంది. సారంలో ద్రావణి అవశేషాలు మిగలకపోవడం పెద్ద సుగుణం. పొడి బాగా ఎండి ఉండాలి, గోడ ముందే పగిలి ఉండాలి అన్నవి దాని షరతులు. తడి ఎక్కువగా ఉంటే నీరు అడ్డుగోడలా నిలుస్తుంది. ఎస్టర్ల నుంచి స్వేచ్ఛా ఆస్టాజాంథిన్‌ను విడదీయాలనుకున్నప్పుడు మరొక జాగ్రత్త అవసరం. ల్యూటిన్ అనే పసుపు వర్ణకం తయారీలో పత్రహరితాన్ని, కొవ్వులను తొలగించడానికి వాడే గాఢమైన క్షారాన్ని ఇక్కడ వాడితే ఆస్టాజాంథిన్ ఆక్సీకరణం చెంది ఆస్టసీన్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. ఇందుకు ఎంజైములు గానీ, చల్లటి స్థితిలో పలుచటి క్షారం గానీ శ్రేయస్కరం.

డునాలియెల్లా సాలీనా కథ దీనికి భిన్నం. అక్కడ కూడా రక్షక వర్ణకమే, అక్కడ కూడా ఎండ, ఉప్పు, నత్రజని కొరతే ప్రేరకాలు, బీటా కెరోటిన్ ఎండిన బరువులో 10 శాతం వరకు చేరవచ్చు. కానీ దానికి గట్టి గోడే లేదు, సన్నటి పొర మాత్రమే ఉంటుంది. బయటి ఉప్పుకు దీటుగా లోపల గ్లిజరాల్‌ను నింపుకుని నిలబడుతుంది, మంచినీటిలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. వెలికితీత ఇంత సులభమైన జాతికి కష్టమంతా కోతలోనే ఉంది: సన్నటి, పెళుసైన కణాలను చిక్కటి ఉప్పునీటి నుంచి వేరుచేయాలి. బతికున్న కణాల మీద డోడెకేన్ వంటి హాని చేయని నూనెపొరను నిలిపి, కణాలను చంపకుండా కెరోటిన్‌ను పితికే రెండు పొరల రియాక్టర్లను కూడా పరిశోధకులు రూపొందించారు. తీసిన తరువాత వేడిని అదుపులో ఉంచాలి, ఎందుకంటే ఈ శైవలంలో ప్రత్యేకంగా లభించే 9-సిస్ రూపానికి (వంగిన అణువుకు), ఆల్-ట్రాన్స్ రూపానికి (నిటారు అణువుకు) మధ్య నిష్పత్తి వేడితో మారిపోతుంది.

కొవ్వుల విషయంలో రెండు ప్రశ్నలూ మరింత సూక్ష్మంగా వేసుకోవాలి. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన ఆక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రామ్ శైవలాల నుంచి ఇంధనం తీయడానికి ప్రయత్నించింది. నత్రజని లేదా సిలికాన్ కొరతతో కణంలో నూనె శాతం పెరుగుతుందని, కానీ పెరుగుదల మందగించడం వల్ల మొత్తం నూనె ఉత్పత్తి పెరగదని 1998లో వెలువడిన ముగింపు నివేదిక చెప్పింది. దీన్ని ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. ఒక సాగు లీటరుకు రోజుకు 0.3 గ్రాములు పెరుగుతూ అందులో 15 శాతం కొవ్వు ఉంటే, రోజుకు 45 మిల్లీగ్రాముల కొవ్వు వస్తుంది. నత్రజని లేక 0.1 గ్రామే పెరిగే సాగులో 35 శాతం కొవ్వున్నా వచ్చేది 35 మిల్లీగ్రాములే. శాతాన్ని మాత్రమే చూసేవారికి రెండోదే గొప్పగా కనిపిస్తుంది.

పైగా కొవ్వులన్నీ ఒకటి కావు. నత్రజని కొరతలో పెరిగేది ట్రైగ్లిజరైడ్ అనే నిల్వ నూనె, అందులో సంతృప్త, ఏక అసంతృప్త కొవ్వు ఆమ్లాలే ఎక్కువ. నానోక్లోరాప్సిస్, ఫియోడాక్టిలమ్ వంటి జాతుల్లో మనం కోరే ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ప్రధానంగా హరితరేణువు పొరలలోని గెలాక్టోలిపిడ్‌లలో (చక్కెర చేరిన కొవ్వులలో) ఉంటుంది. దాని పని పొరను సరళంగా ఉంచడం. అందువల్ల ఉష్ణోగ్రత కొంత తగ్గించినప్పుడు, వెలుతురు మితంగా ఉన్నప్పుడు, నత్రజని సమృద్ధిగా ఉన్నప్పుడు మొత్తం కొవ్వు ఆమ్లాల్లో ఈపీఏ వాటా పెరుగుతుంది. ఇంధన నూనె కోసం చేసే సాగుకు, ఈపీఏ కోసం చేసే సాగుకు దారులు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ద్రావణి విషయంలోనూ అంతే. హెక్సేన్ ట్రైగ్లిజరైడ్‌ను బాగా తీస్తుంది కానీ గెలాక్టోలిపిడ్‌లను చాలావరకు వదిలేస్తుంది. వాటికి ఇథనాల్ వంటి ధ్రువగుణమున్న ద్రావణి కావాలి. ప్రయోగశాలలో 1957 నాటి ఫోల్చ్ పద్ధతి, 1959 నాటి బ్లై–డయర్ పద్ధతి రెండూ క్లోరోఫామ్, మెథనాల్ కలిపి వాడి రెండు రకాల కొవ్వులనూ తీస్తాయి. ఆ ద్రావణుల విషస్వభావం వల్ల ఆహారపదార్థాల ఉత్పత్తికి అవి పనికిరావు. కాబట్టి ప్రయోగశాలలో కొలిచిన మొత్తం కొవ్వు, కర్మాగారంలో హెక్సేన్‌తో వచ్చే కొవ్వు ఒకే అంకె కావాలని ఆశించకూడదు. ఇక డీహెచ్‌ఏ అనే మరో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం కోసం పెంచే షైజోకైట్రియమ్ అనే సూక్ష్మజీవికి వెలుతురే అక్కరలేదు. చక్కెరల మీద ఉక్కు పాత్రల్లో పులియబెట్టే ఆ సాగు వేరే చర్చకు సంబంధించిన విషయం.

సాగుకూ వెలికితీతకూ మధ్య ఉన్న కోత, నిల్వ, ఎండబెట్టడం గురించి పరిశోధన పత్రాల్లో ఒక్క వాక్యం మించి కనిపించదు, కానీ నేను కాస్త ఆగి చెప్పాలనుకుంటున్నాను. తెరిచి ఉన్న చెరువులో శైవలం లీటరుకు సుమారు అర గ్రాము ఉంటుంది, అంటే ఒక కిలో ఎండు శైవలం కోసం 2000 లీటర్ల నీటిని వేరుచేయాలి. ఏ పూట కోస్తామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పగలంతా కణాలు పిండిపదార్థాన్ని పోగుచేస్తాయి, రాత్రి శ్వాసక్రియలో దాన్ని ఖర్చు చేస్తాయి. సాయంత్రం కోసిన పంటలో పిండిపదార్థం, ఉదయం కోసిన పంటలో ప్రొటీన్ వాటా ఎక్కువగా కనిపించడం సహజం. కోసిన తరువాత 20 శాతం ఘనపదార్థం ఉన్న ముద్దను పూర్తిగా ఎండబెట్టాలంటే ప్రతి కిలో పొడికి 4 కిలోల నీటిని ఆవిరి చేయాలి, నీటిని ఆవిరి చేయడానికే కిలోకు సుమారు 2.26 మెగాజౌళ్ల శక్తి కావాలి. ఆ ఖర్చుకు వెరచి ముద్దను తడిగానే ఉంచితే కణాల్లోని లైపేజ్ ఎంజైములు కొవ్వులను స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలుగా విడగొడతాయి, క్లోరోఫిలేజ్ ఎంజైము పత్రహరితాన్ని మార్చేస్తుంది. కోత నుంచి గడ్డకట్టించే వరకు గడిచిన గంటలను సాగు పట్టికలో ఒక నిలువు వరుసగా రాసుకోమని మా విద్యార్థులకు నేను పదే పదే చెబుతుంటాను.

కణాన్ని పగలగొట్టే పద్ధతుల్లో ఏది మేలు అని అడిగితే, కణం పరిస్థితి తెలియకుండా చెప్పలేనన్నదే నా జవాబు. క్లోరెల్లా వంటి గట్టి గోడ ఉన్న జాతులకు పూసల మర, హోమోజినైజర్ నమ్మకమైనవి. కానీ అవి అన్నింటినీ ఒకేసారి ముక్కలు చేస్తాయి కనుక తరువాత వడపోత కష్టమవుతుంది. స్పందన విద్యుత్ క్షేత్రం (క్షణకాలపు బలమైన విద్యుత్ తాకిడులు) పొరలో సన్నటి రంధ్రాలు చేస్తుంది, గోడను చీల్చదు. చిన్న అణువులు, లవణాలు బయటకు వస్తాయి, పెద్ద ప్రొటీన్లు చాలావరకు గోడ లోపలే చిక్కుకుంటాయి. సున్నితంగా విడివిడిగా తీయదలచిన చోట అది సుగుణం, ప్రొటీన్ అంతా ఒకేసారి కావలసిన చోట అది లోపం. ఎంజైములు ఎంపికగా పనిచేస్తాయి కానీ గోడ నిర్మాణం జాతిని బట్టి, వయసును బట్టి, పోషకాలను బట్టి మారుతుంది కాబట్టి ఒక సాగుకు కుదిరిన ఎంజైము మరోదానికి కుదరకపోవచ్చు. ఒకే పంట నుంచి చాలా పదార్థాలు తీయాలనుకుంటే సున్నితమైనవాటిని ముందు తీయాలి. నీటిలో కరిగే ప్రొటీన్లను చల్లటి బఫర్‌తో తీసిన తరువాతే ద్రావణులను తాకనివ్వాలి. మొదట ఇథనాల్ పోస్తే ప్రొటీన్లు గడ్డకట్టి, వాటి విలువలో చాలా భాగం పోతుంది.

చివరిగా కొలతల గురించి. పద్ధతుల మధ్య పోలికలు చాలావరకు తప్పుతోవ పట్టేది ఇక్కడే. నత్రజనిని కొలిచి 6.25తో గుణించి ప్రొటీన్ అని రాయడం ఆనవాయితీ. కానీ శైవలాల నత్రజనిలో కొంత పత్రహరితంలో, కేంద్రకామ్లాలలో, గోడలోని గ్లూకోజమైన్‌లో, పీల్చుకుని ఇంకా వాడని నైట్రేట్‌లో ఉంటుంది. పలు జాతుల మీద లెక్కించిన సగటు గుణకం 4.78 దగ్గర వచ్చింది. నత్రజని ఎక్కువ పోసిన సాగును, తక్కువ పోసిన సాగును ఒకే గుణకంతో పోల్చితే తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించే ప్రమాదముంది. ఫోలిన్–సియోకాల్టు కారకంతో మొత్తం ఫినాల్స్ (ఆక్సీకరణను అడ్డుకునే ఒక రకం పదార్థాలు) కొలవడం మరొక ఉదాహరణ. 1951 నుంచి ప్రొటీన్‌ను కొలవడానికి లౌరీ పద్ధతిలో వాడుతున్నది కూడా ఈ కారకాన్నే. ప్రొటీన్ నిండిన శైవలం నీటి సారం ఆ కారకంతో ముదురు నీలంగా మారితే అదంతా ఫినాల్స్ ఘనతే అనుకోవడానికి వీల్లేదు. కెరోటినాయిడ్‌ల కోసం 450 నానోమీటర్ల దగ్గర కొలిచేటప్పుడు పత్రహరితం కూడా అక్కడికి చేరువలోనే వెలుతురును పీల్చుకుంటుందని గుర్తుంచుకుని, వీలైతే ద్రవ క్రోమటోగ్రఫీతో విడదీసి కొలవాలి.

కాబట్టి రెండు వెలికితీత పద్ధతులను పోల్చాలనుకునే పరిశోధకులు ఒకే సాగు నుంచి, ఒకే రోజు కోసిన ముద్దనే రెండు భాగాలుగా చేసుకోవాలి. రెండు సాగు పరిస్థితులను పోల్చేవారు సారంతో పాటు పగలని కణాల శాతాన్ని సూక్ష్మదర్శినిలో లెక్కించాలి, వెలికితీసిన తరువాత మిగిలిన పిప్పిని మరోసారి బలమైన ద్రావణితో తీసి చూడాలి. నత్రజని లేని సాగులో ఆస్టాజాంథిన్ తక్కువ వచ్చిందంటే అది నిజంగా తక్కువ తయారైందా, లేక మందమైన గోడ వెనక ఉండిపోయిందా అన్నది ఆ పిప్పిని పరీక్షిస్తేనే తేలుతుంది.